రోగి మంచమే పాఠశాల

మహాశివరాత్రినాడు కీసరగుట్టమీద రామలింగేశ్వరుని దర్శించుటకు జనులు వేలకొలది వత్తురు. వారి మ్రొక్కులలో పెక్కు ఆరోగ్యమును గూర్చినవే. ఆ జనులలో నెవరికైనను పెద్ద జబ్బు చేసి పట్టణములోని పెద్దాసుపత్రికి పోవలసివచ్చినపుడు, ఇరుగుపొరుగువారు చెప్పెడి మాట యొకటి కలదు: “ఆడ చదువుకునే పోరగాండ్లు మనమీద వైద్యం నేర్చుకుంటరు, జర పైలం.” ఈ మాటలో సగము భయము, సగము నిజము. నిజమైన సగమును దాచి భయమును పోగొట్టజూచుట తగదు. వైద్యవిద్యార్థి రోగియొద్దనే వైద్యము నేర్చును. మరియొక చోట నేర్చుటకు వీలులేదు. ఈ నేర్చుకొనుట వలన రోగికి మేలు కలుగునా, కీడు కలుగునా యనునదే విచారింపదగిన విషయము.

వైద్యకళాశాలతో గూడిన ఆసుపత్రికి మూడు పనులు కలవు. వచ్చిన రోగికి చికిత్స చేయుట మొదటిది. రేపటి వైద్యుని తయారుచేయుట రెండవది. ఇంతవరకు ఎవరికిని తెలియని దానిని కనుగొనుట మూడవది. ఈ మూడును ఒకే కప్పుక్రింద చేరుట దైవికముగా జరిగినది కాదు. కొన్ని శతాబ్దుల అనుభవము వలన జరిగినది. ఆ అనుభవములో మన హైదరాబాదునకును, కీసరకు ఇరుగుపొరుగులైన శామీరుపేట, మేడ్చలు గ్రామములకును కూడ పాలు గలదు. ఆ కథను చదువరులకు మనవి చేయుటయే మా యుద్దేశము.

విద్యయు వైద్యమును ఒకచోట నుండుట మనకు క్రొత్త కాదు. కాకతి రుద్రమదేవి కాలమున, 1261 లో, గుంటూరు మండలములోని మల్కాపురమున వేయించిన శిలాశాసనమొకటి కలదు. గోళకీమఠాచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యుడు తనకు లభించిన దానముతో అచట మఠమును, విద్యాశాలను, ఆరోగ్యశాలను, ప్రసూతిశాలను నెలకొల్పినట్లు ఆ శాసనము చెప్పుచున్నది. వేదమును తర్కమును చెప్పెడి గురువులకు జీతమేర్పరచిన చేయియే వైద్యునికిని జీతమేర్పరచినది. ప్రసవించు స్త్రీకి ప్రత్యేకమైన శాల యుండవలెనని ఏడున్నర శతాబ్దులకు పూర్వమే తెలుగునాట ఒకరికి తోచినదన్న సంగతి, మన గృహిణులు గర్వముతో తలచుకొనదగినది.

ఐరోపాలో ఈ కలయిక వేరొక రూపమున వృద్ధిపొందినది. హాలెండు దేశములోని లైడెన్ విశ్వవిద్యాలయమున పదునెనిమిదవ శతాబ్ది పూర్వభాగమున బోయర్‌హావె యను పండితుడు కేవలము పండ్రెండు మంచములతో, ఆరు పురుషులకును ఆరు స్త్రీలకును, దేశదేశముల విద్యార్థులకు వైద్యము నేర్పెను. గ్రంథమును విడిచి మంచముకడకు రండని ఆయన చెప్పిన పాఠము. ఎడింబరో, వియన్నా నగరముల వైద్యశాలలు ఆ పద్ధతినే అనుసరించినవి. అటుతరువాత మంచములు పెరిగినవి, శిష్యులు పెరిగిరి. వారితోపాటు ఎవరును ఊహింపని ప్రమాదమొకటి కూడ పెరిగినది.

ఆ ప్రమాదము వియన్నా నగరపు ప్రసూతి వైద్యశాలలో బయటపడినది. అందు రెండు విభాగములుండెను. మొదటిదానిలో వైద్యవిద్యార్థులు నేర్చుకొనుచుండిరి. రెండవదానిలో మంత్రసానులు నేర్చుకొనుచుండిరి. 1846 వ సంవత్సరమున మొదటి విభాగములో నూటికి 11 మందికి పైగా బాలింతలు సూతికాజ్వరముతో మరణించిరి. రెండవదానిలో మరణించినవారు నూటికి ముగ్గురికి లోపే. మొదటి విభాగమునకు పంపవలదని గర్భిణులు కన్నీళ్లతో వేడుకొనెడివారు. ఇరుగుపొరుగు మాట అచటను ఉండెను; అచట అది అక్షరాల నిజమై యుండెను.

ఆ విభాగమున సహాయవైద్యుడైన సెమ్మెల్‌వైస్ ఈ లెక్కలను విడిచిపెట్టలేదు. 1847 లో ఆయన మిత్రుడైన వైద్యుడొకడు శవపరీక్ష చేయుచుండగా కత్తి గీచుకొని మరణించెను. ఆ మరణలక్షణములు బాలింతల మరణలక్షణములవలెనే యుండెను. విద్యార్థులు శవపరీక్ష ముగించుకొని నేరుగా ప్రసవించు స్త్రీలకడకు వచ్చుచున్నారు. మంత్రసానులు శవములను ముట్టరు. కారణము దొరకినది. ఆ మే నెలనుండి సున్నపు క్లోరినునీటితో చేతులు కడుగుకొననిదే ఎవరును లోనికి రాగూడదని ఆయన శాసించెను. ఏప్రిలులో నూటికి 18 గా నున్న మరణములు జూలైనాటికి నూటికి రెండింటికి లోబడినవి. విద్యార్థుల చేతులే బాలింతలను చంపినవి. ఆ విద్యాశాలలోనే, విద్యార్థులను బయటికి గెంటకయే, దానికి మందు దొరకినది. రెండు విభాగముల లెక్కలను ప్రక్కప్రక్కన వ్రాసియుంచు అలవాటు ఆ ఆసుపత్రిలో లేకున్నచో, ఆ తల్లుల మరణములు విధివిలాసమని సరిపెట్టుకొనబడియుండును. చికిత్సయు, విద్యయు, పరిశోధనయు కలిసినచోట రోగికి మొదటి రక్ష ఈ నిజమైన లెక్కయే.

వియన్నాలో ఆ తల్లులు మరణించుచున్న 1846 లోనే హైదరాబాదులో వైద్యపాఠశాల పుట్టినది. నాలుగవ అసఫ్‌జా యగు నాసిరుద్దౌలా జబ్బుపడగా, రెసిడెన్సీ వైద్యుడైన మెక్లీను చికిత్స చేసి స్వస్థపరచెను. ఆ సంతోషముతో నవాబు పాశ్చాత్యవైద్యమును తన రాజ్యములోనివారికి నేర్పుటకు ఈ పాఠశాలను స్థాపింపజేసెను. పాఠములు ఉర్దూలో జరిగెను. ఉత్తీర్ణులైనవారికి హకీము పట్టము నిచ్చిరి. 1866 లో మూసీనది యొడ్డున అఫ్జల్‌గంజి ఆసుపత్రి ఏర్పడగా, పాఠశాలకు మంచములు లభించినవి. 1885 లో ఐదుగురు స్త్రీలు ఈ పాఠశాలలో విద్యార్థినులుగా చేరిరి. వారిలో నొకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ 1889 లో ఉత్తీర్ణురాలై, శస్త్రచికిత్సలలో రోగులకు క్లోరోఫారమిచ్చు పనిలో నిపుణురాలైనది. ప్రపంచమున తొలి మహిళా మత్తువైద్యురాలు ఈమెయేయని పలువురు ఎంచుచున్నారు. ఆడపిల్లకు అక్షరమేలయని వాదించుచున్న ఆ దినములలో, కత్తిక్రింద నున్న రోగి శ్వాసను ఒక స్త్రీ చేతికి అప్పగించిన ఘనత ఆ పాఠశాలది.

ఆ పాఠశాలలోనే, ఆ సంవత్సరములలోనే, ప్రపంచవైద్యులందరి దృష్టిని ఆకర్షించిన పరిశోధన యొకటి జరిగెను. క్లోరోఫారము నొప్పిని మాన్పిన మాట నిజమే గాని, అప్పుడప్పుడు రోగిని శస్త్రచికిత్సబల్లమీదనే చంపుచుండెను. 1848 లో ఇంగ్లండున కాలిగోరు తీయించుకొనవచ్చిన పదునైదేండ్ల బాలిక హానా గ్రీనరు అట్లే మరణించినది. మొదట ఆగునది శ్వాసమా, గుండెయా? ఇది పండితుల వివాదము మాత్రమే కాదు. శ్వాసమే మొదట ఆగునెడల మత్తు నిచ్చువాడు రొమ్మును కనిపెట్టియుండవలెను; గుండెయే ఆగునెడల నాడిమీద వ్రేలు పెట్టియుండవలెను. హైదరాబాదున రెసిడెన్సీ వైద్యుడును పాఠశాలకు పెద్దయునైన ఎడ్వర్డు లారీ ఎడింబరోలో చదివినవాడు. శ్వాసమే మొదట ఆగునని అచటి గురువులయొద్ద నేర్చినవాడు. ఆయన ప్రేరణచే 1888 లో ఆరవ నిజాము మహబూబు అలీఖాను ధనసహాయముతో మొదటి క్లోరోఫారము సంఘము ఏర్పడినది. దాని నిర్ణయమును లండనులోని లాన్సెటు పత్రిక శంకింపగా, నిజాము వేయి పౌనులిచ్చి, మీ ప్రతినిధినే పంపుడని కోరెను. 1889 లో లాడర్ బ్రంటను హైదరాబాదునకు వచ్చెను. కుక్కలు మొదలగు వందలకొలది జంతువులమీద ప్రయోగములు జరిగినవి. ఏ యభిప్రాయముతో వచ్చిన బ్రంటను దానిని విడిచి, లారీ పక్షమునకే సమ్మతించెను: శ్వాసము ముందాగును, గుండె తరువాత నాగును.

ఇచట చదువరులు ఒక క్షణము ఆగవలెను. ఒక దేశీయ సంస్థానమున, ఒక వైద్యపాఠశాలలో, అచటి విద్యార్థుల కన్నులయెదుట, ప్రపంచమును వేధించు ప్రశ్నయొకటి పరిశోధింపబడుట మనకు గర్వకారణము. అయినను ఆ జవాబు పూర్తిగా నిజము కాలేదు. 1911 లో ఇంగ్లండున గుడ్‌మన్ లెవీ యనునాతడు, మత్తు తేలికగా నున్నపుడు అడ్రినలిను చేరినచో గుండె గదులు క్రమముదప్పి వణకి హఠాత్తుగా ఆగునని చూపెను. భయపడిన రోగి దేహములో తానై ఊరు ద్రవమిదియే. అనగా హైదరాబాదు ప్రయోగములు చూచినదంతయు నిజమే. అవి చూడని మరణమొకటి మిగిలియుండెను. ఇతర దేశములలో నాడి ముందాగి మరణించినారని వైద్యులు వ్రాసినపుడు, అవి మత్తు నిచ్చినవారి తప్పులని లారీ త్రోసిపుచ్చెను. గురువు మాటను నిలుపుటకు సాక్ష్యమును వెదకిన పరిశోధకునికి, ఆ మాటకు విరుద్ధమైన సాక్ష్యము కనబడినను కానరాదు. బోధకుని పీఠమును, చికిత్సకుని అధికారమును, పరిశోధకుని ప్రతిష్ఠయు ఒకే మనుష్యునియందు చేరినపుడు, ఆయనను కాదనగల శిష్యుడు ఆ ఇంట నుండడు. కావుననే లెక్కను ఒక్కరు వ్రాసిన చాలదు. దానిని ఇతరులు విప్పిచూడవలెను.

ఈ వివాదము చల్లారకముందే సికింద్రాబాదు ప్రక్క బేగంపేటలో మరియొక పరిశోధన ఫలించెను. సైన్యవైద్యుడైన రొనాల్డు రాసు, చలిజ్వరము దోమవలన వ్యాపించునేమోయని సంవత్సరములకొలది దోమలను కోసి చూచుచుండెను. 1897 ఆగస్టులో హుసేనుఖానను రోగి తన దేహముపై పెంపుడు దోమలు కుట్టుటకు ఒప్పుకొనెను. దోమకు ఒక అణా చొప్పున ఆతనికి కూలి ముట్టెను. ఆగస్టు 20 వ తేదీన అట్టి దోమ కడుపులో రాసు ఆ జ్వరబీజములను చూచెను. 1902 లో ఆయనకు నోబెలు బహుమానము లభించినది. ఆ ఇల్లు నేడును బేగంపేటలో రాసు పేరుతో నిలిచియున్నది. హుసేనుఖాను పేరు చరిత్రలో నిలిచినది కూడ ఒక విశేషమే; పరిశోధనకు తమ దేహముల నిచ్చిన పేదల పేర్లు సామాన్యముగా నిలువవు. అణాలిచ్చి కొన్న ఆ ఒప్పుదల పూర్ణమైన ఒప్పుదలయేనా? తనకేమి జరుగునో, ఏల జరుగునో ఆతనికి తెలిపినారా? ఈ ప్రశ్నలు ఆ కాలపువారిని బాధింపలేదు. మనలను బాధింపవలెను. రోగికి రెండవ రక్ష యగు అనుమతి ఇచటినుండియే మన కథలో ప్రవేశించుచున్నది.

1908 సెప్టెంబరు 28 న మూసీ వరద అఫ్జల్‌గంజి ఆసుపత్రిని కొట్టుకొనిపోయెను. ఆ యొడ్డుననే విన్సెంటు ఎష్ అను శిల్పి రచనతో, ఏడవ నిజాము కాలమున, 1920 తరువాతి దశాబ్దమున ఉస్మానియా ఆసుపత్రి లేచినది. 1918 లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయముతో వైద్యపాఠశాల కళాశాలయై చేరినది. పాఠము చెప్పు భాష ఉర్దూనుండి ఆంగ్లమునకు, ఆంగ్లమునుండి ఉర్దూకు, 1948 తరువాత మరల ఆంగ్లమునకు మారెను. ఈ మార్పులలో దేనిలోను మంచముమీది తెలుగు రైతు భాష పాఠపుభాష కాలేదు. తన కడుపునొప్పిని తనకు తెలియని భాషలో పదిమంది చర్చించుచుండగా వినుచు పడియుండుట ఎట్టి యవస్థయో అనుభవించినవారికే తెలియును. ఇరుగుపొరుగు చెప్పు ఆ భయమునకు సగము మూలము ఈ భాషయే.

స్వాతంత్ర్యమునకు ఒక సంవత్సరము ముందు, 1946 లో, భోరు సంఘము దేశములో వైద్యబోధనయు పరిశోధనయు చికిత్సయు ఒకచోట అత్యున్నతముగా సాగు విద్యాలయమొకటి కావలెనని సూచించెను. ఆరోగ్యమంత్రిణి రాజకుమారి అమృతకౌరు దీక్షవలన 1956 లో ఢిల్లీ నగరమున అఖిలభారత వైద్యవిజ్ఞానసంస్థ వెలసినది. అచట 1985 ప్రాంతమున జరిగిన చిన్న సంగతియొకటి కీసర ప్రాంతమువరకు వచ్చినది. ఆ కథ చెప్పినగాని ఈ మూడు పనుల కలయిక యేమి సాధించునో బోధపడదు.

శిశువులకు ప్రాణాంతకమైన నీళ్లవిరేచనములు కలిగించు రోటావైరసు ఆ ఆసుపత్రిలోని నవజాతశిశువులలో కనబడెను. కాని ఆ శిశువులకు విరేచనములు లేవు! మహారాజ కిషను భాను అను శిశువైద్యుడును ఆయన సహచరులును, ఈ శిశువులకు రోగము రాకపోవుటయే పరిశోధింపదగిన విషయమని యెంచిరి. ఆ శిశువులకు తరువాత గూడ ఆ జబ్బు తక్కువగా వచ్చినది. ఆ బలహీనమైన వైరసే టీకాకు బీజమగునని వారు తలచిరి. చికిత్సమాత్రమే చేయు ఆసుపత్రియైనచో జబ్బులేని శిశువును ఇంటికి పంపి మరచియుండును. పరిశోధనమాత్రమే చేయు శాలయైనచో ఆ శిశువును చూచియే యుండదు. మంచమును, సూక్ష్మదర్శినియు ఒకే యింట నుండుటచేతనే ఆ బీజము చేజిక్కినది.

ఆ బీజమునుండి టీకాను తయారుచేసినవారు కీసరకు అనతిదూరమున, శామీరుపేట ప్రాంతములోని తుర్కపల్లిలో నున్న భారత్ బయోటెక్ సంస్థవారు. 2011 నుండి ఢిల్లీ, పూనా, వెల్లూరులలో 6,799 మంది శిశువులమీద పరీక్ష జరిగెను. ప్రతి ముగ్గురిలో ఇద్దరికి టీకా, ఒక్కరికి టీకా లేని ద్రవము ఇచ్చిరి. ఎవరికేది ముట్టినదో తల్లిదండ్రులకును తెలియదు, ఇచ్చినవారికిని తెలియదు. 2014 లో ప్రకటితమైన ఫలితము ప్రకారము ఈ టీకా తీవ్రమైన రోటావైరసు విరేచనములను నూటికి సుమారు 54 పాళ్లు అరికట్టినది. 2016 లో ప్రభుత్వపు ఉచితటీకాలలో దీనిని చేర్చినపుడు, మొదట ఆరంభించిన నాలుగు రాష్ట్రములలో ఆంధ్రప్రదేశమొకటి. 2018 లో ప్రపంచారోగ్యసంస్థ దానిని అంగీకరించెను. సగమునకు కొంచెమెక్కువ మాత్రమేగదాయని పెదవి విరువవలదు. తేలని గొప్పలు చెప్పక, తేలిన సగమునే చెప్పుట లారీనాటి హైదరాబాదునుండి మనము నడచివచ్చిన దూరము.

టీకా లేని ద్రవము త్రాగిన ఆ రెండువేలకు మించిన శిశువుల తల్లిదండ్రులు మనకు ఋణదాతలు. వారు తెలిసి యొప్పుకొనుటచేతనే మన పిల్లలకు టీకా వచ్చినది. తెలియకుండ ఒప్పించినచో నేమగునో మన తెలుగునాటనే జరిగినది. 2009 లో ఖమ్మము జిల్లాలో పది మొదలు పదునాలుగేండ్ల బాలికలు వేలమందికి గర్భాశయముఖపు పుండును నివారించు టీకా నిచ్చిరి. వారిలో గిరిజన విద్యార్థినులు పెక్కురు. అనేకుల అనుమతిపత్రములమీద తల్లిదండ్రులకు మారుగా వసతిగృహపు పాలకులు సంతకములు చేసిరి. కొందరు బాలికల మరణవార్తలు వెలువడగా 2010 ఏప్రిలులో ఆ కార్యక్రమమును ప్రభుత్వము నిలిపివేసినది. ఆ మరణములకు టీకా కారణము కాదని విచారణసంఘము తలచినను, అనుమతి తీసికొన్న తీరును అదియు, 2013 లో పార్లమెంటు సంఘమును తప్పుపట్టినవి. ఆ టీకా మంచిదే కావచ్చును. కాని తల్లికి చెప్పక బిడ్డకిచ్చిన మంచిమందు, తరువాత నిజముగా మంచిదైన మందునుకూడ జనులు నమ్మకుండ చేయును.

ఈ అనుభవములన్నియు చేరి నేడు కొంత శాసనరూపము దాల్చినవి. 2019 లో వెలువడిన క్రొత్త మందుల పరీక్షా నిబంధనల ప్రకారము, పరీక్షకు లోనగువానికి అర్థమగు భాషలో విషయము చెప్పి అనుమతిపత్రము తీసికొనవలెను. ఇష్టములేనిచో ఎప్పుడైనను మానుకొనవచ్చును; మానుకొన్నందుకు చికిత్స తగ్గింపరాదు. హాని కలిగినచో ఉచితముగా చికిత్స చేయవలెను. ప్రతి పరీక్షను ముందుగా నీతిసంఘము విచారింపవలెను. అందు సగమునకు తగ్గకుండ ఆ సంస్థకు సంబంధింపనివారుండవలెను. వైద్యులు కాని సామాన్యగృహస్థుడొకడును, స్త్రీ యొకతెయు తప్పక ఉండవలెను.

ఇప్పుడు కీసరవారు పెద్దాసుపత్రికై మూసీయొడ్డువరకే పోనక్కరలేదు. మేడ్చలు ప్రాంతములోని ఘనపూరులో వైద్యకళాశాలతో గూడిన ఆసుపత్రి కలదు. ఘటకేసరము దాటిన తరువాత బీబీనగరులో ఢిల్లీ సంస్థకు చెల్లెలైన వైద్యవిజ్ఞానసంస్థలో 2019 నుండి విద్యార్థులు చదువుచున్నారు. పల్లెల ముంగిటికే ఈ మూడు పనుల ఇల్లు వచ్చినది. దానితో నెట్లు మెలగవలెనో మన గృహములలో చెప్పుకొనవలసిన సమయమును వచ్చినది.

మా మనవి స్వల్పము. మీ తల్లి మంచముచుట్టును యువవైద్యులు గుమిగూడినపుడు వారిని దొంగలవలె చూడకుడు. పదిజతల కన్నులు చూచిన రోగము దాగుట కష్టము. అయితే, “నాయనా, మీరెవరు? మీరు చూచుటవలన ఆమెకేమి మేలు? ఇది చికిత్సయా, పరీక్షయా?” అని మర్యాదగా తెలుగులో అడుగుడు. తెలుగులో జవాబు చెప్పుమనుడు. కాగితమును చదువనిదే వ్రేలిముద్ర వేయనీయకుడు. ఇంటిలోని చదివిన ఆడపిల్లచేత చదివించుకొనుడు. ఆడరోగికి తెర అడుగుట సిగ్గుపడవలసిన విషయము కాదు. చదువుకొన్న గృహస్థులు, ముఖ్యముగా స్త్రీలు, ఆ నీతిసంఘములలో సామాన్యుల స్థానము ఖాళీయైనపుడు మేము వత్తుమని ముందుకు రావలెను. పౌరధర్మములలో ఇది చిన్నది కాదు.

వియన్నా తల్లులకు ప్రశ్నించు వీలు లేకపోయెను. హుసేనుఖానునకు అణాలు ముట్టెనుగాని జవాబు ముట్టలేదు. ఖమ్మము బాలికలలో అనేకుల తల్లులను అడిగినవారే లేరు. వారందరి మంచములకడ నేర్చిన విద్యతోనే నేడు మన బిడ్డలకు చికిత్స జరుగుచున్నది. వారికి లభింపని ప్రశ్నను మనము అడుగుటయే, ఆ ఋణములో మనము తీర్చగలిగిన పాలు.